ఒక పేరుకి ఒకే ఊరేగింపు

ఆ శనివారం పొద్దున దుకాణం తలుపు తీసేసరికి నా చేతిలో ఉన్న సరుకు ఇంతే: అమ్మకానికి వచ్చిన ట్రంపెట్ ఒకటి, దాన్ని తెచ్చిన బతికున్న మనిషి ఒకడు, నాలుగు వీధుల అవతల పెట్టెలో పడుకున్న చనిపోయిన మనిషి ఒకడు. మనుషులిద్దరి పేరూ ఎలిస్ డువర్నే.

సౌత్ రాంపార్ట్ వీధిలో పాత కోట్లు, గడియారాలు, వాయిద్యాలు కొని అమ్మి బతికినవాణ్ణి. ఏ వస్తువు ఎవరిదో తేడా వస్తే ఈ వ్యాపారంలో నిలబడలేం. ఈ పేరు దగ్గర మాత్రం న్యూ ఆర్లీన్స్ ఊరంతా ఏళ్ళ తరబడి తేడా పడుతూనే ఉంది. ఒకడు ట్రంపెట్ ఎలిస్. జ్ఞానస్నానం నాడు నేను ఎత్తుకున్న బిడ్డ, అందుకే నన్ను 'పారెన్' అంటాడు, అంటే జ్ఞానతండ్రి. వాడు ఊదితే నాట్యశాలల్లో నేల అదిరేది. రెండోవాడు పతకం ఎలిస్. పెద్ద యుద్ధంలో ఫ్రాన్సులో పోరాడి, అక్కడి సేనాపతి చేత రొమ్ము మీద పతకం పెట్టించుకుని, తిరిగొచ్చి రేవులో అరటిగెలలు మోసినవాడు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, చుట్టాలు మాత్రం కారు. డువర్నే అన్నది ఏటి ఎగువన చెరకు తోట ఉన్న దొర ఇంటిపేరు. తోటలో వెట్టి చేసిన బానిసలందరికీ చివరికి మిగిలింది ఆ పేరే. వాళ్ళ మనవలు దాన్నే మోస్తున్నారు.

పతకం ఎలిస్ గురువారం పోయాడు. యుద్ధంలో పీల్చిన విషవాయువు ఇన్నేళ్ళుగా తింటూ తింటూ ఊపిరితిత్తుల్ని ఆఖరికి తినేసింది. మా ఊరి అలవాటు ప్రకారం అతని భార్య క్లెమాన్స్ నల్ల అంచు కాగితాలు దీపస్తంభాలకి అంటించింది. ఎలిస్ డువర్నే ప్రభువునందు నిద్రించెను అని తప్ప వాటి మీద ఇంకేమీ లేదు. చదివినవాళ్ళు ట్రంపెట్ ఎలిసే అనుకున్నారు. చికాగోలో పోయి ఉంటాడనీ, శవం రైల్లో వచ్చి ఏ చుట్టాల ఇంట్లోనో దిగి ఉంటుందనీ మిగతా కథ వాళ్ళే అల్లుకున్నారు. ఆ చనిపోయినవాడు శుక్రవారం సాయంత్రం రైలు దిగి నా దుకాణంలోకి వచ్చాడు. ట్రంపెట్ బల్ల మీద పెట్టి "కొనుక్కో పారెన్" అన్నాడు. ఆ రాత్రికి మాట అక్కడే ఆగింది.

"కొంటాను," అన్నాను పొద్దున కాఫీ కప్పు అతని ముందు పెట్టి. "సరుకు ఎందుకు అమ్ముతున్నారో తెలుసుకోకుండా నేనెప్పుడూ కొనలేదు. చెప్పు."

అతను వేలితో పై పెదవి పైకెత్తి చూపించాడు. లోపలి వైపు అడ్డంగా అతుకు, తాడులా లేచిన మచ్చ. ఒక పన్ను లేదు.

"చికాగోలో ఎవడో ఎవడి మీదో సీసా విసిరాడు. మధ్యలో నేనున్నా. ఇప్పుడు ఊదితే గాలి పక్కనుంచి పోతోంది."

"ఎవరెవరికి తెలుసు?"

"నీకు, నాకు, ఆ సీసాకి."

"మరి అమ్మడానికి చికాగోలో దుకాణాలు లేవా? ఇంత దూరం మోసుకొచ్చావు?"

"అమ్మడానికి రాలేదు పారెన్. మాటిచ్చాను, అందుకొచ్చాను. ఆ మాట నిలబెట్టుకోలేను కాబట్టి అమ్ముతున్నాను."

ఎవరికిచ్చిన మాట అని అడగబోయేంతలో తలుపు గంట మోగింది. అతను వేలాడదీసిన కోట్ల వెనక్కి తప్పుకున్నాడు.

వచ్చింది జెనోన్. సభ్యులు పోతే బ్యాండుతో సాగనంపే సెయింట్ ఫిలిప్ వీధి మిత్ర సంఘానికి ఊరేగింపు పెద్ద. భుజం మీద బంగారు అంచు పట్టీ, చంకలో నల్ల టోపీ, ముఖం నిండా దుఃఖం. ఊరేగింపు రోజున జెనోన్‌కి వచ్చేంత అందమైన దుఃఖం మా ఊళ్ళో ఇంకెవరికీ రాదు.

"ఒనోరే, తెల్ల చేతి తొడుగులు ఉన్నాయా? నావి మా ఆవిడ ఉతికి కుదించేసింది. ఇవాళ నా చేతులు బాగుండాలి. మామూలు మనిషా పోయింది?"

"ఎవరు పోయారు?" అన్నాను, ఏం తెలియనట్టు.

"అదేం ప్రశ్న? నువ్వు జ్ఞానస్నానం చేయించిన కొడుకే కదయ్యా పోయింది! పాపం, దుఃఖంలో నీకు మతి పోయినట్టుంది." నా భుజం తట్టాడు. "బెంగపడకు. రెండు బ్యాండ్లు పిలిచాం. చికాగోలో ఉన్నా చందా ఆపలేదు మనవాడు. సంఘం ఒక్కో సభ్యుడికి ఒక్క ఊరేగింపు చేస్తుంది, అది ఎలా ఉంటుందో ఇవాళ ఊరికి చూపిస్తా. ఏం ఊదేవాడయ్యా! మనిషిగా చూస్తే ఉత్త పనికిమాలినవాడు. మా చెల్లెల్ని పెళ్ళాడతానని చెప్పి పడవెక్కి పోయాడు. అయినా ఊదితే మాత్రం మా చెల్లెలు కూడా క్షమించేది."

కోట్ల వెనక ఎవరో దగ్గు ఆపుకున్నట్టు చప్పుడైంది.

"ఎలకలా?" అన్నాడు జెనోన్.

"పెద్దది ఒకటి చేరింది," అన్నాను.

అతను తొడుగులు వేసుకుని వేళ్ళు ఆడించి చూసుకుంటుంటే నేను లెక్క వేసుకున్నాను. నిజం చెబితే జెనోన్ ఆ క్షణమే బ్యాండ్లని వెనక్కి తిప్పుతాడు. అప్పుడు క్లెమాన్స్ ఇంటి ముందు మిగిలేది పాస్టరు, చర్చి ఆడవాళ్ళు కొందరు, సైనికుల సంఘం మనిషిని పంపకుండా పంపిన పూలచక్రం. పతకం ఎలిస్ గెలలు మోసిన వీధుల్లోంచి గెల కంటే నిశ్శబ్దంగా పోతాడు. సరుకు తప్పు గుమ్మానికే చేరింది, నిజమే. కానీ ఆ గుమ్మానికి అది ఎంత అవసరమో నాకు తెలుసు. ఇలాంటి సరుకుని వెనక్కి పంపేవాడు వ్యాపారి కాడు.

జెనోన్ వెళ్ళాక కోట్లు తప్పించి, "నీ చావు చూడ్డానికి పోదాం పద," అన్నాను. "ముందు ఆ ఇల్లాలికి చెప్పాలి. ట్రంపెట్ కూడా తీసుకో."

"ఎందుకు?"

"నేనింకా కొనలేదు కాబట్టి."

పాత సరుకులోంచి పొడుగు కోటు ఒకటి, అంచు వంగిన టోపీ ఒకటి అతనికి తొడిగి, సందుల్లోంచి నడిపించి, క్లెమాన్స్ వంటింటి తలుపు తట్టాను.

ఆమె పొయ్యి దగ్గర ఉంది. నల్ల దుస్తుల మీద వంట గుడ్డ కట్టుకుని, తిరిగొచ్చేవాళ్ళకోసం గంబో పులుసు కలుపుతోంది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"బ్రదర్ ఒనోరే, వీధి నిండా ఆ జనమేమిటి? నా పెళ్ళికి వచ్చినవాళ్ళు ఒక్క బెంచీకి సరిపోయారు. చావుకి ఇంతమంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు?"

"వాళ్ళు వేరే మనిషి కోసం వచ్చారు సిస్టర్," అన్నాను. "ఈ మనిషి కోసం."

ఆమె తిరిగి చూసింది. ఎలిస్ టోపీ తీశాడు. పోస్టర్ల మీద ఆ ముఖాన్ని ఏళ్ళ తరబడి గోడగోడకీ చూసిన మనిషి ఆమె. గరిటె కిందపెట్టింది.

"నువ్వా," అంది నెమ్మదిగా. "చచ్చినా నన్ను వదలవా? పొద్దునపూట నీకోసం నా తలుపు కొట్టిన ఆడవాళ్ళకి కాఫీ పోసి, కళ్ళు తుడిచి, 'ఈ ఎలిస్ ఆ ఎలిస్ కాడమ్మా' అని చెప్పి పంపాను. నీ బాకీల కోసం వచ్చిన మగాళ్ళకి ఈయన పతకం చూపించి నమ్మించాను. ఇన్నీ చేస్తే నువ్వు చేసిందేమిటి? పోస్టర్ మీద 'యుద్ధవీరుడి ట్రంపెట్' అని వేయించుకున్నావు. నువ్వు ఏ యుద్ధం చేశావు?"

"ఏ యుద్ధమూ చెయ్యలేదు సిస్టర్. ఆ ఏడు నేను పడవ మీద వాయిస్తూ సెయింట్ లూయీ వైపు పోతున్నా. నా ఈడువాళ్ళందరికీ సైన్యం పిలుపు వచ్చింది, నాకు రాలేదు. ఎందుకు రాలేదో తెలీదు. అదృష్టం అనుకున్నా."

గంబో మీద మూత పెట్టబోతున్న క్లెమాన్స్ చెయ్యి గాలిలో ఆగిపోయింది. అతని వైపు చూసి, ఏదో అనబోయి, మూత పెట్టేసింది.

"పోస్టర్ మాట హాలు యజమాని పని," అన్నాడు ఎలిస్. "నేను వద్దనలేదు. జనం ఎక్కువ వచ్చారు, నోరు మూసుకున్నా. ఒక శనివారం హాలు వెనక గుమ్మం దగ్గర ఒకాయన నిలబడి ఉన్నాడు, చేతిలో వేయించిన చేపల పొట్లం. 'నేను ఎలిస్ డువర్నేని' అన్నాడు. కొడతాడనుకున్నా."

"చేపల పొట్లమా?" అంది క్లెమాన్స్.

"లోపలికి రమ్మంటే రాలేదు. నాట్యశాల గుమ్మం తొక్కనని ఇల్లాలికి మాటిచ్చానన్నాడు. 'కిటికీ కింద నిలబడను అని మాత్రం మాటివ్వలేదు' అని నవ్వాడు. ప్రతి శనివారం అక్కడే నిలబడి వినేవాడట."

క్లెమాన్స్ కుర్చీలో కూర్చుంది. "శనివారం చేపలు తెస్తానని వెళ్ళి గంటకి వచ్చేవాడు," అంది. నాతో చెప్తోందో, తనతోనో. "ఎప్పుడూ చల్లారిపోయిన చేపలే. కొట్టు దగ్గర రద్దీ అనేవాడు. ఆ కొట్టువాణ్ణి నేను చర్చిలో కూడా తిట్టాను."

"ఆయన బ్యూగుల్ ఊదేవాడట కదా, యుద్ధంలో?" అన్నాడు ఎలిస్.

"ఊదేవాడు. వాయువు పీల్చాక మానేశాడు."

"అదే చెప్పాడు. 'నా ఊపిరి ఇక్కడిదాకే వస్తుంది' అని గొంతు కింద చెయ్యి పెట్టి చూపించాడు. 'నా పేరుతో ఎవడో ఒకడు నిండుగా ఊదుతున్నాడు. నాకు చాలు. పోస్టర్ ఉండనీ' అన్నాడు. దానికి బదులు ఒక్కటే అడిగాడు. తను పోయిన రోజున బ్యూగుల్ వద్దట. ఆ సైనికుల బూర చాలామంది కుర్రాళ్ళ సమాధుల మీద తనే ఊదాడట, ఇక వినలేడట. 'నువ్వొచ్చి ట్రంపెట్ ఊదు, పెద్దగా ఊదు' అన్నాడు. వస్తానన్నా."

 వీధిలో డ్రమ్ముల వాళ్ళు తీగల కింద రుమాళ్ళు దోపి చప్పుడు మందం చేసుకుంటున్నారు.

"సరే," అంది క్లెమాన్స్ లేచి. "మాటిచ్చావుగా, ఊదు. ఆ జనం నీకోసమే వచ్చారు కాబట్టి నీ ముఖం చూస్తే నిన్నెత్తుకుని పోతారు, ఆయన్ని వీధిలో వదిలేస్తారు. శ్మశానం గేటు దాకా నువ్వు మా ఇంటి చుట్టానివి. గేటు దగ్గర నేను పిలిచినప్పుడు ఊదు."

ఎలిస్ పెదవి ఎత్తి చూపించాడు. ఆమె గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, గాయాలకి కట్లు కట్టిన అలవాటుతో పరీక్షగా చూసింది.

"ఊదలేనివాడివి ఎందుకొచ్చావు?"

"ఊదలేనని చెప్పడానికి. బతికుండగా చెప్దామనే బయల్దేరా. రైలు ఆయనకంటే నెమ్మదిగా వచ్చింది."

"ఆయనకీ ఊపిరి లేదు," అంది ఆమె. "అయినా ఒక్క ఆదివారం పాట మానలేదు. ముందు బెంచీలో పిల్లలు నవ్వేవాళ్ళు. వచ్చినంత ఊదు. రానిదాని గురించి ప్రభువు అడగడు."

పెట్టె బయటికి వచ్చింది. మూత మీద పతకం పెట్టింది క్లెమాన్స్, పచ్చ రిబ్బను మీద ఎర్ర గీతలతో. జనంలో ఎవరో "ట్రంపెట్ ఎలిస్‌కి పతకం కూడా ఉందా!" అంటే, ఇంకెవరో "పోస్టర్ చూడలేదా నువ్వు?" అన్నారు. పాస్టరు రెండు బ్యాండ్లనీ, తెల్ల తొడుగుల జెనోన్‌నీ చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అవి అబద్ధం కాదని తేలాక బైబిలు చంకలో పెట్టుకుని ముందు నడిచాడు.

జెనోన్ టోపీ గుండెల మీద పెట్టుకుని, ఒక అడుగు వేసి, ఆగి, ఇంకో అడుగు వేశాడు. వెనక బ్యాండు స్తోత్రగీతం ఎత్తుకుంది, ఏడుపంత నెమ్మదిగా. నేను చూసిన ఊరేగింపుల్లో దేన్లోనూ అంత జనం లేరు. ఇస్త్రీ దుకాణాల వాళ్ళు ఇస్త్రీలు వదిలి వచ్చారు. అరటిపళ్ళ రేవు మీదుగా పోతుంటే కూలీలు గెలలు దించి టోపీలు తీశారు. వాళ్ళకి మాత్రం పెట్టెలో ఎవరున్నారో తెలుసు. బ్యాండు ఎందుకొచ్చిందో వాళ్ళకి అర్థం కాలేదు, ఎవరూ అడగనూ లేదు. ఒక ముసలి కూలీ పెట్టెని చేత్తో తాకి, "చూశావా, నీకు ఎంతమందో," అన్నాడు.

నా పక్కన ఎలిస్ వంగిన టోపీ కింద తల దించుకుని నడుస్తున్నాడు. కోటు లోపల ట్రంపెట్‌ని పసిబిడ్డలా పట్టుకున్నాడు.

గేటు దగ్గర బ్యాండు రెండు వరుసలుగా విడిపోయి దారిచ్చింది. మా ఊళ్ళో మనిషిని వదిలిపెట్టే చోటు అది. పెట్టె లోపలికి పోయాకే ఏడుపు పాట ఆగి ఆట పాట మొదలవుతుంది. జెనోన్ చెయ్యెత్తాడు. అప్పుడు క్లెమాన్స్ వెనక్కి తిరిగి, "రా," అంది.

ఎలిస్ ముందుకు వెళ్ళాడు. ట్రంపెట్ మూతికి పెట్టాడు. మొదటిసారి గాలే వచ్చింది, శబ్దం రాలేదు. జనంలో ఎవడో నవ్వాడు. రెండోసారి అడుగు స్వరంలో ఒక ముక్క వచ్చింది. బొంగురుగా, సగంలో తెగి, పక్కనుంచి గాలి బుసకొడుతూ. వాడి పాత స్వరం ఏ మూలా లేదు అందులో. అందుకే ఎవరూ గుర్తుపట్టలేదు. వాడు ఆగలేదు. పాటలో ఒక్కో ముక్కా ఎత్తడం, తెగడం, ఊపిరి ఈడ్చుకుని మళ్ళీ ఎత్తడం.

క్లెమాన్స్ నా మోచెయ్యి పట్టుకుంది. "బ్రదర్," అంది, "ఇది ఆయన ఊపిరి. సరిగ్గా ఇలాగే ఉండేది. ఈ నెలంతా పక్కన పడుకుని విన్నాను."

పెట్టె గేటు దాటింది. ఆఖరి స్వరం వణికి, నిలబడి, ఆగింది. గడ్డం మీదికి రక్తం కారుతుంటే తుడుచుకోవడానికి ఎలిస్ టోపీ తీశాడు.

జెనోన్ చూశాడు. జనం చూశారు. పాతిపెట్టడానికి తెచ్చిన మనిషి గేటు దగ్గర నిలబడి ఉంటే ఏ ఊరివాళ్ళు ఏం చేస్తారో నాకు తెలీదు. మావాళ్ళు ఒక్క క్షణం శిలువ గుర్తు వేసుకున్నారు, మరుక్షణం అరిచారు. అప్పుడు ఎలిస్ చెయ్యెత్తి, గేటు లోపలికి చూపించి, "నాకు కాదు! ఆయనకి!" అన్నాడు. "ఎలిస్ డువర్నేకి!"

డ్రమ్ముల వాడు రుమాలు లాగేశాడు. గొడుగులు లేచాయి. జనం ఆడారు, పెట్టెలో ఉన్నది ఎవరో తెలిసే ఆడారు. రేవు కూలీలు అందరికంటే ముందు.

జెనోన్ మాత్రం ఎలిస్ దగ్గరికొచ్చి, తొడుగులు ఒక్కొక్కటే విప్పుకుంటూ, "ఒక పేరుకి ఒకే ఊరేగింపురా," అన్నాడు. "నీది అయిపోయింది. ఇక నువ్వు చస్తే నీ చావు నీదే. సంఘం రాదు." అని, కాస్త ఆగి, "మా చెల్లెలు అక్కడ ఉంది. పారిపోయే ఉద్దేశం ఉంటే ఇప్పుడే," అన్నాడు.

ఆట పాట వీధి మలుపు తిరిగేదాకా నేను గేటు దగ్గరే ఉండి లెక్క చూసుకున్నాను. నా దగ్గర కోటు, టోపీ, తొడుగులు పోయాయి, ఎవరూ తిరిగివ్వరు. ట్రంపెట్ కొనలేదు, ఇక అమ్మడని తెలుసు. ఎలిస్‌కి తన ఊరేగింపు పోయింది, మాట మిగిలింది. అందరికంటే లాభం పెట్టెలో ఉన్నవాడిదే అని పైకే అనేశాను.

"నువ్వు తప్పు లెక్క వేస్తున్నావు బ్రదర్," అంది క్లెమాన్స్. ఎప్పుడొచ్చిందో పక్కన నిలబడి ఉంది. పతకం పెట్టెతో పాటు లోపలికి పంపలేదు, గుప్పిట్లో ఉంది. "అతనికి పిలుపు రాలేదన్నాడు, విన్నావుగా? వచ్చింది. ఆ కాగితం మీద తండ్రి పేరు వేరు, వీధి వేరు. అయినా మా ఆయన గుమ్మానికి వచ్చింది. తనది కాదని ఆయనకి తెలుసు. ఆ వారమే రేవులో పడవ మీద ఎవడో కుర్రాడు ఊదుతుంటే విన్నాడట. పేరడిగితే ఎలిస్ డువర్నే అన్నారట. వెనక్కి ఇచ్చేయబుద్ధి కాలేదట. మూట కట్టుకుని పోయాడు. బుధవారం, మాట ఆగిపోయే ముందు చెప్పాడు నాకు."

నేను టోపీ తీసి గేటు లోపలికి చూశాను.

"మీవాడి యుద్ధం మా ఇంటికొచ్చింది. మీవాడి ఊరేగింపు కూడా మా ఇంటికే వచ్చింది," అంది. "చెల్లుకి చెల్లు. నాకు ఇంక ఎవరి మీదా ఏమీ లేదు."

నా చెయ్యి తెరిచి పతకం అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"సోమవారం ఎర్ర చిక్కుళ్ళు వండుతాను. అతన్ని భోజనానికి పంపు. ఇది అతనికి ఎందుకు ఇస్తున్నానో ముందే చెప్పి పంపుతావో, చెప్పకుండా పంపుతావో నీ ఇష్టం."

వీధి మలుపు అవతల ఎలిస్ నవ్వు వినిపించింది, పెదవి చీలినవాడి నవ్వు, చిన్నపిల్లాడిలా. పొద్దున నా దగ్గర ఒక ట్రంపెట్ ఉండేది. ఇప్పుడు నా గుప్పిట్లో అరచేతిలో పట్టే ఇత్తడి ముక్క ఒకటి ఉంది. నా జన్మలో మోసిన సరుకులన్నిట్లోకీ అది బరువుగా ఉంది.